నరాలకేం కొదవ

పిల్లలు ఆమెకి పెట్టిన పేరు నోటితో పలికేది కాదు. చూపుడువేలూ బొటనవేలూ కనుబొమల మధ్య పెట్టి, చర్మం ముడత పడేలా నొక్కితే అదే ఆమె పేరు. చెవులు వినిపించని పిల్లల బడి అది. కొత్తగా ఎవరు చేరినా పిల్లలు ఇలా ఒక చేతిపేరు పెట్టేస్తారు. ఒకరు బొజ్జ, ఒకరు జారే కళ్ళజోడు, హెడ్మాస్టరు దగ్గు. వాటిల్లో మర్యాద వెతక్కూడదు. ఈమె చేరిన వారంలోపే పేరు ఖాయమైపోయింది. మాటల్లోకి మారిస్తే ‘కోపం టీచరు’.

కోపం ఆమెకి ముక్కు మీద కాదు, ముఖమంతా ఉండేది. దాన్ని ఆమె దాచుకోలేదు, దాచుకోవాల్సిన అవసరమూ రాలేదు. ఆ బళ్ళో ముఖం నల్లబల్ల లాంటిది. పిల్లలు పెదవులు చూసి మాట పట్టుకుంటారు, చేతులు చూసి అర్థం పట్టుకుంటారు, ఈ రెండూ తప్పినచోట బుగ్గలూ కనుబొమలూ ఆదుకుంటాయి. ‘నువ్వు తిన్నావు’ అని చేతులతో చెప్పి కనుబొమలు పైకెత్తితే ‘తిన్నావా?’ అవుతుంది. అవే బొమలు ముడిస్తే ‘ఎందుకు తిన్నావు?’లోకి పోతుంది. పెదవులొక్కటే నమ్ముకుంటే కొంప మునుగుతుంది. ‘పాప’ అన్నా ‘మామ’ అన్నా పెదవులు ఒకేలా మూసుకుని ఒకేలా తెరుచుకుంటాయి. ఓసారి ఒక పిల్ల ‘మా ఇంట్లో మామ పాకుతున్నాడు’ అని రాసుకొచ్చింది. టీచరు అది చదివి, “తాగొచ్చాడేమోలే” అని చేతులతోనే అంటే క్లాసంతా బల్లలు బాది నవ్వింది.

మామూలు బళ్ళో టీచరుకి గొంతు పోతే సెలవు పెడుతుంది. ఇక్కడ ముఖం పోతే పెట్టాలి.

పోయింది మాత్రం ముందు చెవి. ఫోను ఎడమ చెవికి ఆనిస్తే అవతలి మనిషి నూతిలోంచి మాట్లాడుతున్నట్టుండేది. ఫోను పాడైందనుకుంది. కంపెనీని తిట్టింది, ఫోను చేసినవాళ్ళని “అన్నం తినే మాట్లాడుతున్నారా?” అని తిట్టింది. ఒకరోజు ఎడమచేతిలో సంచి ఉండి కుడిచెవికి పెట్టుకుంటే అదే ఫోనులో అవతలివాళ్ళ ఇంటి కుక్కర్ కూత కూడా వినిపించింది. ఆ తర్వాత చెవిలో హోరు మొదలైంది. ఆ తర్వాత వరండాలో తిన్నగా నడుస్తున్నాననుకుంటూనే ఎడమ గోడకేసి ఒరిగిపోవడం.

“మొత్తానికి పిల్లల్లో కలిసిపోయారు టీచర్” అని హెడ్మాస్టరు నవ్వి, నవ్వు దగ్గై, దగ్గు ఆగక మంచినీళ్ళు తాగాడు. ఆయన తాగి ముగించేదాకా ఆమె అలాగే చూస్తూ నిలబడింది. రెండోసారి ఆ జోకు వెయ్యలేదాయన.

స్కానింగులో గడ్డ కనబడింది. ఎడమ చెవి వెనక, పుర్రె లోపల, మెదడు అంచున. క్యాన్సరు కాదు. నిదానంగా పెరిగే రకం. ఎన్నేళ్ళుగా పెరుగుతోందో ఎవరూ చెప్పలేరు గానీ, ఇంక ఊరుకుంటే మెదడుని నొక్కేస్తుంది, తియ్యాల్సిందే అని చెవి డాక్టరు తేల్చి, మెదడు ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు దగ్గరికి పంపాడు.

అక్కడికి ముగ్గురు వెళ్ళారు. ఆమె, ఆమె భర్త, అన్నయ్య. భర్త పుస్తకాలు కుట్టి అట్టలు వేసే ప్రెస్సులో సూపర్వైజరు. ఎవరేం చెప్పినా “నిజమే” అనడం ఆయనకి ఊపిరితో పాటు వచ్చిన అలవాటు. అన్నయ్యకి నీళ్ళ మోటార్ల కొట్టుంది. ఏ సంగతికైనా ఒక సామెత ఉంటుందనీ, సామెత దొరికితే సంగతి తేలిపోయినట్టేననీ ఆయన నమ్మకం.

పెద్ద డాక్టరు స్కాను ఫిలిమ్ వెలుగు పలక మీద పెట్టి, తెల్లగా రేగుపండంత ఉన్నదాన్ని పెన్నుతో చూపించాడు. సన్నటి మనిషి. మాట నెమ్మది. ఆయన “చూడండమ్మా” అని మొదలుపెట్టాడో లేదో, అన్నయ్య లేచి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

“అమ్మాయ్, నువ్వు కాసేపు బయట కూర్చో. ఇవన్నీ వింటే నీకు లేనిపోని భయం.”

“నాకేం భయం లేదు.”

“నీకు లేదులే, మాకుంది. వెళ్ళమ్మా, తల్లివి కదూ.”

ఆమె భర్తవైపు చూసింది. “నిజమే, కాసేపే కదా” అన్నాడాయన నేల చూస్తూ. డాక్టరు పెన్ను పట్టుకుని ఆగాడు. ఆయన ఒక్కమాట అంటే ఆమె కదిలేది కాదు. ఆయన ఏమీ అనలేదు. రోజూ ఇలాంటి కుటుంబాలు చూసి చూసి, ఎవరు లోపలుండాలో వాళ్ళే తేల్చుకుంటారని వదిలేసినట్టున్నాడు.

బయట కుర్చీలో కూర్చున్నాక గానీ తను నిజంగానే లేచి వచ్చేసినట్టు ఆమెకి తెలియలేదు. యాభై దాటిన మనిషి, ముప్ఫై మంది పిల్లల్ని కనుబొమతో కూర్చోబెట్టే మనిషి, చెయ్యి వేసి పంపేస్తే వచ్చేసింది! అరికాళ్ళలోంచి మంట లేచింది.

కన్సల్టేషన్ గది తలుపు అద్దం తలుపు. మధ్యలో తెల్లటి పట్టీ, పైన కిందా మామూలు అద్దం. పట్టీ పైన ముగ్గురి తలలూ కనబడుతున్నాయి. అన్నయ్య వీపు ఇటువైపు, భర్తది పక్కవాటు, డాక్టరు ముఖం తిన్నగా ఎదురుగా. పైగా మీసం లేదు.

వాళ్ళు ఆమెని వినికిడికి అందకుండా పంపారు. చూపుకి అందకుండా పంపాలని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. పాతికేళ్ళుగా ఆమె చేసే పని అదేనని ఇద్దరికీ తెలుసు.

‘చెవి ఎలాగూ పోయినట్టే’ అన్నాయి డాక్టరు పెదవులు. ‘అది కాదు ఆలోచించాల్సింది.’ తర్వాత ఆయన చూపుడువేలు తన ఎడమ కనుబొమ మీంచి కంటి కొస దాకా, అక్కణ్ణుంచి బుగ్గ మీదుగా పెదవి చివర దాకా గీసుకుంటూ వచ్చింది. ఆ వేలితో పాటు ఒక పొట్టి మాట, చివర్న పెదవులు మూసుకునే మాట, రెండుసార్లు వచ్చింది. నాలుక లోపలే తిరిగి పుట్టే అక్షరాలు పెదవులకి అందవు. అది గరమో, దరమో, నరమో. వేలు గీసిన గీత చూస్తే ‘నరం’ తప్ప ఇంకోటి కాదు. ‘దానికి అతుక్కుని ఉంటే... కొంచెం వదిలేస్తే... మళ్ళీ పెరగొచ్చు... మొత్తం తీస్తే...’ ఇక్కడ ఆయన బుగ్గని వేళ్ళతో కిందికి జార్చి చూపించాడు. నోరు వంకరపోయింది.

అన్నయ్య కుడిచెయ్యి పైకి లేచి, బల్ల తుడిచినట్టు గాలిలో అడ్డంగా ఊగింది. డాక్టరు ఏదో అడిగాడు. చెయ్యి మళ్ళీ ఊగింది. భర్త తల కిందికీ పైకీ కదిలింది. డాక్టరు ఫైలులో ఏదో రాశాడు.

ఆమె లేచి తలుపు పిడి మీద చెయ్యి వేసింది. పక్కన స్టూలు మీద కూర్చున్న అటెండరు, “పిలిచేదాకా కూర్చోండమ్మా, లోపల పేషెంటు గురించి మాట్లాడుతున్నారు” అన్నాడు.

“ఆ పేషెంటుని నేనే.”

“అందుకే కూర్చోమంటున్నాను” అన్నాడతను చాలా మర్యాదగా.

ఇంటికొచ్చి చెప్పులు విడిచి, వంటింటి బల్ల దగ్గర నిలబడి అడిగింది. “ఏం తేల్చారు?”

“ఏముందమ్మా, శుభ్రంగా తీసేస్తాడు. పెద్ద డాక్టరు, హస్తవాసి మంచిదట” అన్నాడు అన్నయ్య కుర్చీలో కూలబడుతూ. “చెవి ఒకటి వినిపించదు. రెండోది ఉందిగా.”

“చెవి సంగతి నాకు తెలుసు. నరం గురించి ఏమన్నాడు?”

అన్నయ్య ముఖం మారింది. “నీకెవరు చెప్పారు?”

“డాక్టరే చెప్పాడు, అద్దంలోంచి. ఏమన్నాడు?”

“ఏదో ఒక నరం గడ్డకి అంటుకుని ఉందట. నరం ఉంచాలంటే గడ్డలో ముక్క ఉంచాలట. ఇదేం బేరం? నరం పోతే పోయింది, గడ్డ మొత్తం తీసెయ్యండన్నాను. ఒంట్లో నరాలకేం కొదవ?” చొక్కా చెయ్యి పైకి లాగి, ముంజేతి మీద నీలంగా ఉబ్బినవాటిని చూపించాడు. “ఇవిగో, ఒకటి పోతే ఇంకోటి. మొన్న రక్తం తీసేటప్పుడు ఒకటి దొరక్కపోతే ఇంకోదాంట్లో గుచ్చలా?”

ఆమె ఆ ముంజేతికేసి చూసింది. మన మాటలో చేతి మీద రక్తం పారేదీ నరమే, బరువెత్తితే పట్టేసేదీ నరమే, ముఖాన్ని కదిలించేదీ నరమే. డాక్టరు ఒకటి అన్నాడు, ఈయన ఇంకోటి విన్నాడు. ఇద్దరూ ఒకే మాటకి తల ఊపుకుని, దాన్ని ఫైలులో రాసుకున్నారు.

“అది రక్తం పారే నరం కాదు, అన్నయ్యా. ముఖం నరం. అది పోతే కనురెప్ప మూతపడదు. బొమ లేవదు. పెదవి ఇటు జారిపోతుంది. డాక్టరు వేలు పెట్టి మరీ చూపించాడు. నువ్వు చూళ్ళేదా?”

“చూపించాడు... మూతి కొంచెం వంకరవ్వొచ్చన్నాడు. అయితే ఏంటమ్మా? ఈ వయసులో పెళ్ళిచూపులా?”

భర్త నవ్వబోయి ఆగిపోయాడు.

“ఏమండీ, మీకూ అర్థం కాలేదా?”

“నాకు... ముఖం అన్నది వినపడింది” అన్నాడాయన. “మీ అన్నయ్య ధైర్యంగా చెప్తుంటే...”

“నిజమే అన్నారు.”

అన్నయ్య అర్థం చేసుకోక తప్పు చేశాడు. ఈయన అర్థమయ్యే చేశాడు. రెండిట్లో ఏది క్షమించడం కష్టమో ఆ క్షణంలో ఆమెకి తేల్చుకోబుద్ధి కాలేదు. బల్ల మీదున్న స్టీలు గ్లాసు తీసి గట్టిగా బోర్లించింది. తనకే సగం వినిపించిన ఆ చప్పుడుకి వాళ్ళిద్దరూ ఉలిక్కిపడ్డారు.

“ముఖం నా పని. ముఖం లేకపోతే నేను బళ్ళో నిలబడి ఏం చెయ్యాలి? గంట కొట్టాలా? ఆ గంట కూడా పిల్లలకి వినపడదు.”

“ఉద్యోగం పోతే పోయింది, ప్రాణం ముఖ్యం” అన్నాడు అన్నయ్య, ఇప్పుడు ఆయనకీ కోపం వచ్చింది. “పెద్దవాళ్ళు ఊరికే అన్నారా? అగ్నిశేషం, ఋణశేషం, శత్రుశేషం ఉంచకూడదు. నిప్పు ఇంత ఉంచినా కొంప కాలుస్తుంది. ముక్క వదిలితే అది మళ్ళీ పెరగదని నువ్వు రాసిస్తావా?”

“నా తలలో ఉన్నది నీ శత్రువా?”

“కాదా మరి!”

“అయితే నా తలని నాకొదిలెయ్యి.”

అన్నయ్య టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆమె బడికి అంటుపట్టీ చుట్ట ఒకటి తీసుకెళ్ళింది. దెబ్బలకి వేసే తెల్లటి పట్టీ. స్టాఫ్ రూము అద్దం ముందు నిలబడి ఎడమ కనుబొమ మీద ఒకటి, కంటి కింద ఒకటి, పెదవి చివర్ని కిందికి లాగి గడ్డానికి ఒకటి అంటించుకుంది. అద్దంలో సగం మనిషి కోపంగా ఉంది, సగం మనిషి నిద్రపోతోంది.

డాక్టరుని మళ్ళీ కలవాలంటే ఏం అడగాలో ముందు తనకి తెలియాలి. తెలుసుకోవడానికి ఇంతకన్నా వేరే దారి కనబడలేదు.

పిల్లలు మొదట నవ్వారు. ఆమె ఎందుకని చెప్పకుండా పాఠం మొదలుపెట్టింది. మామూలు పాఠమే: సంత, అమ్మేవాడు, కొనేవాడు. పది నిమిషాల్లో క్లాసు తప్పిపోయింది. ‘వంకాయలున్నాయా?’ అని ఆమె అడిగితే, ఉన్నాయని చెప్పిందనుకుని తలలూపారు. ‘ఎవరు కొన్నారు?’ అంటే ‘టీచరుకి పంటినొప్పా?’ అని ఒకడు జాలిగా అడిగాడు. ముందు వరసలో కుడిపక్క పిల్లలకి కొంత అందుతోంది, ఎడమపక్క వాళ్ళకి అసలు అందడంలేదు. ఎప్పుడూ అన్నిటికంటే ముందు చెయ్యెత్తే పిల్ల కళ్ళు నులుముకుంది, తన కళ్ళకే ఏదో అయిందన్నట్టు. చివరికి ఒక గడుగ్గాయి లేచి ఆమె చేతిపేరు చేసి, ‘కోపం వచ్చిందా, రాలేదా? చెప్పు!’ అన్నాడు.

ఆమె పట్టీలు ఊడబీకింది. కనుబొమ వెంట్రుకలు కొన్ని పట్టీతో వచ్చాయి. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వచ్చిందిరా, చాలా వచ్చింది, అని ముఖం మొత్తంతో చెప్పింది. క్లాసంతా హమ్మయ్య అనుకుంది.

రెండోసారి డాక్టరు దగ్గరికి ఆమె ఒక్కతే వెళ్ళింది. పిలిచేదాకా కూర్చోమన్న అటెండరుకి, “పిలవాల్సింది నన్నే, కాబట్టి ఇక్కడే నిలబడతాను” అని తలుపు పక్కనే నిలబడింది.

“మీవాళ్ళు రాలేదా?” అన్నాడు డాక్టరు.

“గడ్డ నాకొచ్చింది కదండీ.”

ఆయన కుర్చీ చూపించాడు. ఆమె దాన్ని పక్కకి లాక్కుని, కుడిచెవి ఆయనవైపు పెట్టుకుని కూర్చుంది.

“మొన్న మా అన్నయ్య మీ దగ్గర ఒప్పుకున్నది ముఖం నరం సంగతని ఆయనకే తెలీదు. చేతి నరం లాంటిదనుకున్నాడు. మీరు నరం అన్నారు, ఆయన నరం అన్నాడు. ఇద్దరూ ఒకే నరం గురించి మాట్లాడుకోలేదు.”

డాక్టరు ఫైలు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. “నేను చాలా స్పష్టంగా చెప్పానమ్మా.”

“చెప్పారు. నేను చూశాను. కానీ నాకు చెప్పలేదు.”

ఆయన ముఖంలో మొదటిసారి చిరాకు కనబడింది. అది చూసి ఆమెకి కొంత ఊరటగా కూడా అనిపించింది. చిరాకు పడే మనిషైతే మాట్లాడొచ్చు.

“సరే. ఇప్పుడు మీకు చెప్తాను. గడ్డ ఆ నరాన్ని పల్చగా నొక్కేసి ఉండొచ్చు, తడిసిన కాగితంలా. ఊడిరాకపోతే రెండే దారులు. గీకి మొత్తం తీస్తే నరం చచ్చిపోవచ్చు. లేదా పల్చటి పొర నరం మీద వదిలేస్తాను. వదిలింది అలాగే ఉండిపోవచ్చు, పెరగనూ వచ్చు. పెరిగితే రేడియేషనో, మళ్ళీ ఆపరేషనో. ఏడాదికోసారి స్కాను తప్పదు. అది కూడా చిన్న సంగతేం కాదు. ఇంకొకటి, నరం ఉంచినా మొదట్లో వాపుకి ముఖం జారొచ్చు. నేను మాటివ్వలేను.”

“నరం బతికుంటే తిరిగి వస్తుందా?”

“చాలామందికి వస్తుంది. అందరికీ కాదు.”

“చచ్చిపోతే?”

“దానంతటది రాదు. వేరే ఆపరేషన్లున్నాయి, కొంతవరకు నిలబెడతాయి. ఇప్పుడున్నట్టు రాదు.”

“అయితే వదిలెయ్యండి. తేలిగ్గా ఊడితే తీసెయ్యండి, ఊడకపోతే పొర వదిలెయ్యండి. అలాగని రాయండి. మొన్న రాసింది కొట్టేసి రాయండి.”

ఆయన పెన్ను తీసేలోపు తలుపు తెరుచుకుంది. అన్నయ్య. వెనక భర్త, దొంగలా. ఆమె ఇక్కడికొచ్చిందని ఎవరు చెప్పారో భర్త ముఖమే చెప్పేస్తోంది.

“ఆగండి డాక్టరుగారూ. ఇది మొండిది. చిన్నప్పట్నుంచీ అంతే.” అన్నయ్య ఆయాసపడుతున్నాడు. “అమ్మాయ్, నీకు గుర్తుందా లేదా? నాన్న గొంతులో గడ్డ. అప్పుడూ ఇలాగే సగం తీసి సగం వదిలారు. ఏడాది తిరక్కుండా పెరిగింది. చివర్లో మంచినీళ్ళు దిగేవి కాదు ఆయనకి. దూదితో పెదవులు తడిపింది నేను. నువ్వు హాస్టల్లో ఉన్నావ్. నేను చూశాను!”

అన్నయ్య గొంతు వణకడం ఆమె కుడిచెవికి బాగానే వినిపించింది. ఆయన సామెత వెనక ఏముందో అప్పుడు తెలిసింది ఆమెకి. జాలేసింది. కానీ జాలి వచ్చినంత మాత్రాన కోపం లేచి కుర్చీ ఖాళీ చెయ్యలేదు.

“సగం వదిలెయ్యమని ఎవరన్నారు?” అంది.

“ఎవరంటే... పెదనాన్నా, డాక్టరూ మాట్లాడుకున్నారు. ఆయన ఒంట్లో ఓపిక లేదు, ఎక్కువ కోస్తే తట్టుకోలేడని...”

“నాన్నేమన్నారు?”

అన్నయ్య రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

“నాన్న ఎక్కడున్నారప్పుడు?”

“వరండాలో...” అన్నాడు. “బల్ల మీద కూర్చోబెట్టాం. భయపడతారని.”

“ఆయన్నీ అడగలేదన్నమాట.”

“డాక్టరుగారూ, మా నాన్నది ఇలాంటి గడ్డేనా?” అని భర్త అడిగాడు హఠాత్తుగా. తర్వాత సర్దుకుని, “అదే, మా మామగారిది” అన్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన ఒక గదిలో ప్రశ్న అడగడం ఆమె అదే మొదటిసారి చూడటం.

“అది చూడకుండా చెప్పలేను. మీరు చెప్పే లక్షణాలు క్యాన్సరువి. ఇది క్యాన్సరు కాదు. రెండిటికీ పోలిక లేదు” అన్నాడు డాక్టరు. పెన్ను తీసి పాత వాక్యం మీద అడ్డంగా గీత గీశాడు. కొత్తది రాసి, పైకి చదివి, ఫైలు ఆమెవైపు తిప్పాడు. ఆమె చదివి సంతకం పెట్టింది. అన్నయ్య అద్దం తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయాడు. పట్టీ పైన ఆయన తల కాసేపు అక్కడే నిలబడి, తర్వాత పక్కకి జరిగింది.

ఆపరేషన్ దాకా అన్నయ్య ఇంటికి రాలేదు, ఫోను చెయ్యలేదు. వదిన మాత్రం చేసి, “మీ అన్నయ్య అన్నం సరిగ్గా తినట్లేదు, నువ్వైనా తగ్గొచ్చు కదా” అంది.

“తల కోయించుకునేది నేను. అన్నం మానేది ఆయనా?” అంది టీచరు. వదిన నవ్వాపుకోలేకపోయింది.

ఆస్పత్రిలో చేరే ముందురోజుల్లో చాలామంది చూడటానికి వచ్చారు. వచ్చినవాళ్ళందరూ ఆమె ఎడమచెవిలో గట్టిగా అరిచారు, చెవిటిదన్నారు గనక. ధైర్యంగా ఉండమన్నారు. ఎవరి పిన్నికో ఇలాగే అయితే ఏమైందో మొదలుపెట్టి, సగంలో గుర్తొచ్చి మింగేశారు. ఆమె ఎవరికీ టీ ఇవ్వలేదు. భర్త ఇచ్చాడు. అద్దం గది తర్వాత ఆయన ఇంట్లో పిల్లిలా తిరుగుతున్నాడు. పొద్దున్నే మందులు తెచ్చి పెట్టడం, ఆస్పత్రికి ఏ బట్టలు కావాలో అడగడం. ప్రతిదీ అడుగుతున్నాడు. దుప్పటి ఏది కావాలి, దిండు ఏది కావాలి. “ఇవి అడక్కపోయినా ఫరవాలేదు” అంది ఆమె. కానీ ఆపమని అనలేదు.

మత్తు డాక్టరమ్మ వచ్చి ఊగే పళ్ళున్నాయా, ఏ మందులు పడవు, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అని వరసగా అడిగింది. అన్నిటికీ ఆమె తనే జవాబు చెప్పింది. మధ్యలో ఒకసారి భర్త “ఆమెకి...” అని నోరు తెరిచి, తనే మూసుకున్నాడు. ఆపరేషన్ రోజు పొద్దున చెవి వెనక జుట్టు గీశారు. ముఖం కండరాలకి సన్నటి తీగలు పెడతామనీ, నరం దగ్గరికి పోతే మిషను కూత పెడుతుందనీ పెద్ద డాక్టరు స్వయంగా వచ్చి చెప్పాడు, ఆమె ముఖంలోకి చూస్తూ, కుడిపక్క నిలబడి.

“కూత పెడితే?”

“ఆగుతాను.”

“ఆగండి” అంది ఆమె. దణ్ణం పెట్టలేదు. ఆయనా ఎదురుచూడలేదు.

మెలకువ వచ్చేసరికి లోకమంతా ఒక గుండ్రటి పళ్ళెంలో తిరుగుతోంది. గొంతు గీరుకుపోయింది. ఎడమవైపు ఏ చప్పుడూ లేదు, హోరు తప్ప. పెద్ద డాక్టరు వంగి, “కళ్ళు మూయండి. పళ్ళు చూపించండి. బొమలు లేపండి” అన్నాడు. ఆమె అన్నీ చేసింది. చేశాననుకుంది. ఆయన ముఖంలో చదువుకుంది ఎంత జరిగిందో.

“నరం ఉంది. మిషను చివరిదాకా పలికింది. దాని మీద పల్చటి పొర వదిలాను, ఊడలేదు. ఇప్పుడు వాపు వల్ల ముఖం జారింది. కొన్ని నెలలు పడుతుంది.”

ఆ నెలలు నిజంగానే పట్టాయి. ఎండాకాలం సెలవులు దాటి, వానలు దాటి, చలి మొదలయ్యేదాకా కనురెప్పకి రాత్రిళ్ళు పట్టీ వేసుకునే పడుకుంది. పెదవి చివర ఒక దారం కదిలినట్టు కదిలిన రోజున అద్దం ముందు నిలబడి తనని తానే తిట్టుకుని చూసుకుంది, ఎంతవరకూ తిట్టగలదో. పూర్తిగా ఎన్నటికీ రాలేదు. తిట్టడానికి సరిపడా వచ్చింది. ఆ పొర ఇంకా లోపలే ఉంది, ఏడాదికోసారి ఫిలిమ్ మీద తెల్లటి గీతలా కనబడుతుంది, ఆ వారమంతా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. కానీ ఇవన్నీ తర్వాతి మాటలు.

ఐసీయూ నుంచి వార్డుకి మార్చిన సాయంత్రం అన్నయ్య వచ్చాడు. ఆమె వెల్లకిలా పడుకుని ఉంది. ఎడమకంటికి దూది వేసి కట్టారు. ఆయన స్టూలు లాక్కుని మంచానికి ఎడమపక్క కూర్చున్నాడు. ఆ సంగతి ఆమెకి మంచం అంచు కొంచెం ఊగడం వల్ల తెలిసింది. కాసేపటికి మంచం మళ్ళీ ఊగింది, ఆగి ఆగి, మనిషి ఎక్కువసేపు మాట్లాడుతున్నప్పుడు మోచెయ్యి ఆనించిన బల్ల ఊగినట్టు. వార్డు రొదలో ఆమెకి ఒక్కక్షరం వినపడలేదు, ఒక్కక్షరం కనపడలేదు.

తల తిప్పితే గది తిరుగుతుంది. తిప్పకుండానే అడిగింది. “ఏంటంటున్నావ్?”

మంచం ఆగింది.

“ఈ పక్కకొచ్చి చెప్పు. అటు నాకు లేదు.”

స్టూలు ఈడుస్తూ అన్నయ్య మంచం చుట్టూ తిరిగి కుడిపక్కకి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమె జారిపోయిన మూతిని చూసి చూపు తిప్పుకోబోయి, తిప్పుకోలేక, దుప్పటి అంచు సర్దాడు.

“ఏం లేదమ్మా. పడుకో.”

“అంతసేపు చెప్పి ఏం లేదంటావేం? మళ్ళీ చెప్పు.” మాట ఒక పక్క నుంచే వచ్చింది, ‘ప’ సరిగ్గా మూతపడలేదు. కోపం మాత్రం చెక్కుచెదరలేదు.

“ఒకసారి చెప్పాను కదా. మళ్ళీ చెప్పలేను.”

“నాకు చెప్పలేదు. గోడకి చెప్పావ్.”

అన్నయ్య తల వంచుకుని కూర్చున్నాడు. సామెతేదీ దొరకలేదనుకుంటా. నర్సు వచ్చి సీసా మార్చి, “మాట్లాడించకండి” అని ఆయనతో చెప్పి వెళ్ళింది.

“నిన్ను అడగాల్సింది” అన్నాడు చివరికి.

“అవును, అడగాల్సింది.”

“ఇప్పుడేం అడగను?”

“నీ ఇష్టం. ఏదో ఒకటి అడుగు.”

ఆయన స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు. చెల్లెల్ని ఏదైనా అడగడం చిన్నప్పట్నుంచీ అలవాటు లేని మనిషి.

“నొప్పిగా ఉందా?” అన్నాడు.

“ఉంది” అంది ఆమె. తర్వాత ఎక్కడెక్కడ ఉందో చెప్పడం మొదలుపెట్టింది.